కొండజిగురు - వెండినలుసులు

వానకాలమున నాగావళి, వంశధార నదులు ఎఱ్ఱని బురదనీటితో పొంగి పాఱును. ఆ నీటిని కడవలో పోసి, చిల్లగింజను అరగదీసి కలిపి, కొంతసేపు కదల్పక ఉంచినచో బురద అడుగునకు దిగి పైనీరు తేటపడును. ఇది మన పెద్దలు తరతరములుగా ఎఱిగిన ఉపాయము. తేటనీటిని చూడగానే మనస్సునకు తృప్తి కలుగును. కాని నీరు తేటగా నుండుట వేఱు, మంచిదిగా నుండుట వేఱు. బురద కంటికి కనబడును. నీటిలో కరగిన విషములు పెక్కింటికి రంగు లేదు, వాసన లేదు. అవి చిల్లగింజకు లొంగవు.

జపాను దేశమున మినమాట అను సముద్రతీరపు పట్టణము కలదు. అచ్చటి రసాయనిక కర్మాగార మొకటి పాదరసముతో కూడిన మురుగునీటిని చాలకాలము సముద్రములోనికి విడిచెను. సముద్రము ఎప్పటివలెనే నీలముగా నుండెను. జాలరులు ఎప్పటివలెనే చేపలు పట్టిరి. కాని పాదరసము ఆ చేపల మాంసములో చేరియుండెను. వానిని తిన్న పిల్లులు వెఱ్ఱిగా గంతులు వేసి చచ్చెను. పిదప మనుష్యులకును కాళ్లు చేతులు వణకుట, మాట తడబడుట, చూపు మందగించుట మొదలయ్యెను. 1956లో ఆ వ్యాధి బయటపడెను. పాదరసమే దానికి మూలమని ప్రభుత్వము అంగీకరించుటకు 1968వ సంవత్సరము వఱకు పట్టెను. నీటిలో నేమున్నదో తెలియక పోవుట ఎంత అనర్థమునకు దారితీయునో ఈ ఒక్క యుదాహరణమే చాలును.

మన శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమునందును నీటిని గూర్చిన బెంగ ప్రజలకు లేకపోలేదు. కొబ్బరితోటలతో, జీడితోటలతో కన్నులపండువుగా నుండు ఆ ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబములను క్రుంగదీసినది. ఆ వ్యాధికి కారణ మిదియే యని శాస్త్రజ్ఞులు ఇంకను నిశ్చయింపలేదు. అచ్చటి నేల, నీరు, ఆహారము, ఎండలో చేయు కష్టము అన్నియు పరిశోధింపబడుచున్నవి. 2023లో వంశధార నీటిని గొట్టముల ద్వారా ఆ గ్రామములకు అందించు పథకము ప్రారంభింపబడినది. బావిలోని తేటనీటిని చూచి, ‘ఇది త్రాగవచ్చునా?’ యని తల్లి సందేహించు చోట, నీటిని పరీక్షించు సాధనము ఎంత అవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్టి పరీక్ష సులభమైనది కాదు. త్రాగు నీటిలో పాదరసము లీటరుకు 0.001 మిల్లీగ్రామును మించరాదని మన దేశపు ప్రమాణము. అనగా 10 లక్షల లీటర్ల నీటిలో 1 గ్రాము మాత్రమే. ఇంత స్వల్పమైన దానిని కనుగొనుటకు నగరములలోని ప్రయోగశాలలయందు గొప్ప వెలగల యంత్రములు కలవు. వానిని నడపుటకు నేర్పరులు కావలెను. ప్రతి గ్రామమునందును అట్టి యంత్రమును నెలకొల్పుట సాధ్యము కాదు. నీటిచుక్క తగులగానే రంగు మాఱి, ‘జాగ్రత్త!’ యని హెచ్చరించు పదార్థమేదైన నున్నచో ఎంత బాగుండును! శాస్త్రజ్ఞులు అట్టి పదార్థమును వెదకుచు లోహముల అతిసూక్ష్మములైన నలుసులను చేరుకొనిరి.

ఈ నలుసులను నానోకణములందురు. మీటరులో నూరుకోట్లవ వంతు ఒక నానోమీటరు. మన తలవెండ్రుక మందము ఇంచుమించు 80,000 నానోమీటర్లుండును. నూఱు నానోమీటర్లకు లోబడిన లోహపు నలుసులు తమ జాతిగుణమునే మార్చుకొనినట్లు కనబడును. బంగారము పసుపుపచ్చనిది కదా! దాని నానోకణములు నీటిలో నున్నప్పుడు కెంపువలె ఎఱ్ఱగా నుండును. తెల్లని వెండి యొక్క నానోకణములు నీటికి పసుపు రంగు నిచ్చును. ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే ఎఱ్ఱని బంగారు ద్రవమును తయారుచేసి, అందలి నలుసుల సూక్ష్మత్వమే ఆ రంగునకు కారణమని 1857లో వివరించెను. లోహములో స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రానులు కలవు. నలుసు మిక్కిలి చిన్నదైనపుడు, వెలుతురు సోకగానే ఆ ఎలక్ట్రానులన్నియు ఒక్కుమ్మడిగా ఊగును. అట్లూగుచు వెలుతురులోని ఒక రంగును మ్రింగివేయును. వెండినలుసులు ఊదారంగు కాంతిని మ్రింగును గనుక మిగిలిన కాంతి మనకు పసుపుగా తోచును. నలుసు పరిమాణము మాఱినను, తఱిగినను ఈ రంగు మాఱును. రంగు మాఱుటయే పరీక్షకు ఆధారము.

నలుసులకు మఱియొక బలము కలదు. ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల లోహపు దిమ్మెను తీసికొనుడు. దాని ఆఱు ముఖముల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. ఒక చిన్న ఆకు పాటి స్థలము. ఆ దిమ్మెనే 10 నానోమీటర్ల దిమ్మెలుగా ముక్కలు చేసినచో, వాని ముఖములన్నింటి మొత్తము వైశాల్యము 600 చదరపు మీటర్లగును. మన లెక్కలో దాదాపు 15 సెంట్ల నేల! లోహము పెరుగలేదు. పనిచేయు చోటు మాత్రము లక్షలరెట్లు పెరిగినది. రసాయనిక చర్య జరుగునది లోహపు ఉపరితలముననే గనుక, కొద్దిపాటి నలుసులు గొప్ప పని చేయగలవు.

అయితే ఒక చిక్కు కలదు. ఈ నలుసులు ఒంటరిగా నిలువవు. ఒకదాని నొకటి తాకి, అంటుకొని, ముద్దయై అడుగున పడును. ముద్దయైన పిదప వాని శక్తి నశించును. వానిని విడివిడిగా నిలుపుటకు ప్రతి నలుసుపైనను ఒక పొర కావలెను. ఆ పొరను మన కొండచెట్లే ప్రసాదించినవి.

సీతంపేట, పాలకొండ, పార్వతీపురము ప్రాంతముల కొండలు ఇదివఱకు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో నుండెను. 2022 నుండి అవి పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినవి. అచ్చట సవరలు, జాతాపులు మున్నగు గిరిజనులు నివసింతురు. చింతపండు, తేనె, కుంకుడుకాయలు, చెట్లజిగురు వంటి అడవి సరకులను సేకరించి అమ్ముట మన్యపు గిరిజనుల జీవనోపాధులలో నొకటి. 1956లో స్థాపింపబడి, విశాఖపట్టణము ముఖ్యస్థానముగా పనిచేయుచున్న గిరిజన సహకార సంస్థ వారివద్ద ఈ సరకులను కొనుచున్నది. తూర్పు కనుమలలో తపసి, కొండగోగు, చిరుమాను మున్నగు జిగురుచెట్లు పెరుగును. బెరడుపై గాటు పడినచోట జిగురు ఊరి, గాలికి గట్టిపడి, ముత్యములవలెను, తునకలవలెను నిలుచును. గాటు లోతైనచో చెట్టు ఎండిపోవును. లేతగాటు పెట్టి, చెట్టునకు విశ్రాంతి నిచ్చుచు జిగురు తీయువాడే నేర్పరి.

కొండగోగు జిగురు హైదరాబాదు శాస్త్రజ్ఞుల దృష్టి నాకర్షించెను. భాభా అణుపరిశోధన కేంద్రమునకు చెందిన ప్రయోగశాల యొకటి హైదరాబాదులో కలదు. పదార్థములలో నేవి యెంత పాళ్లలో నున్నవో నిర్ణయించుట దాని పని. ఆ ప్రయోగశాలకు చెందిన అరుణజ్యోతి కోర, జె. అరుణాచలము, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్.బి. శశిధర్ గారలు ఈ జిగురుతో వెండి నానోకణములను తయారుచేసి 2010లో ఆ విధానమును ప్రకటించిరి. వారి విధానము మిక్కిలి సరళమైనది. జిగురును నీటిలో కలిపి, సిల్వర్ నైట్రేటు అను వెండి లవణమును చేర్చి, మూత బిగించిన పాత్రలో ఆవిరి ఒత్తిడితో వేడిచేయుదురు. మన యిండ్లలోని ప్రెషరు కుక్కరు వంటి యేర్పాటే అది. జిగురు రెండు పనులను చేయును. లవణములోని వెండిని లోహముగా మార్చుట మొదటిది. పుట్టిన నలుసుల చుట్టును పొరగా నిలిచి, అవి ముద్దకాకుండ కాపాడుట రెండవది. విషరసాయనముల అవసరమే లేకుండ పని నెఱవేఱును.

ఈ వెండిద్రవము పాదరసమును పసికట్టునని అదే ప్రయోగశాలవారు 2014లో ప్రకటించిరి. కంసాలి యింట పాదరసము సోకిన బంగారు ఉంగరము తెల్లబడునని మీరు వినియుందురు. పాదరసమునకు బంగారము, వెండి మున్నగు లోహములతో కలియు గుణము కలదు. నీటిలో కరగిన పాదరసము వెండినలుసును సమీపించినపుడు, వెండి తన ఎలక్ట్రానులను దాని కిచ్చివేసి తాను నీటిలో కరగిపోవును. పాదరసము మిగిలిన నలుసుపై చేరును. వెండి తఱిగినకొలది ద్రవపు పసుపు రంగు వెలవెలబోవును. రంగు ఎంత తగ్గెనో కొలిచినచో పాదరస మెంత కలదో తెలియును. కంటికి కనబడని శత్రువు ఈ విధముగా కనబడిపోవును.

శత్రువును కనిపెట్టుట సగము పని. వానిని తొలగించుట తక్కిన సగము. బట్టల అద్దకమునకు వాడు రంగులు మురుగునీటిలో చేరినచో సూర్యకాంతి నీటి లోపలికి పోదు. జలచరములు బాధపడును. ఆ రంగులలో పెక్కు త్వరగా శిథిలమగునవి కావు. హైదరాబాదు ప్రయోగశాలవారు చిరుమాను జిగురుతోను, సాంబ్రాణి జాతి చెట్టు జిగురుతోను పల్లేడియము అను లోహపు నానోకణములను చేసి, మిథిలీను బ్లూ వంటి రంగులపై ప్రయోగించిరి. సోడియం బోరోహైడ్రైడు అను రసాయనమును ఈ రంగునీటిలో కలిపినను చర్య మిక్కిలి మెల్లగా జరుగును. లోహపునలుసులు చేరినచో రంగు త్వరితముగా విఱిగిపోవును. రేవులోని పడవవాడు ఒడ్డున నున్నవారిని ఆవలి ఒడ్డునకు చేర్చి, తాను మరల వచ్చునట్లు, నలుసు ఒకవైపు ఎలక్ట్రానులను గ్రహించి వేఱొకవైపు రంగు అణువున కందించును. తాను మాత్రము ఖర్చుకాదు. ఇట్టి దానిని ఉత్ప్రేరకమందురు.

ఇదంతయు ప్రయోగశాలకే పరిమితమా యని మీ రడుగవచ్చును. కాదు. మద్రాసులోని భారతీయ సాంకేతిక విద్యాసంస్థ యందు ఆచార్య టి. ప్రదీప్ గారి బృందము, వెండి, బంగారు నానోకణములు కొన్ని క్లోరిను సమ్మేళనములను విఱుగగొట్టునని 2003లో ప్రకటించెను. ఆ ఆధారముతో పురుగుమందులను నీటినుండి తొలగించు జల్లెడ తయారై 2007లో ఇండ్లకు చేరెను. అందు నలుసులను నీటిలో కలుపరు. గట్టి పదార్థమునకు అంటించి, నీటిని దాని గుండ పోనిత్తురు.

అట్లు అంటించుటలో గొప్ప వివేకము కలదు. వెండి క్రిములను చంపును. అది చెఱువులోనికి పోయినచో చేపలకును, నాచునకును హాని చేయును. విషమును తీయుటకై వేసిన మందు మఱియొక విషము కారాదు. మఱియు రంగు పోయినంత మాత్రమున నీరు శుద్ధమైనదనరాదు. విఱిగిన రంగు తునకలలో కొన్ని మొదటి రంగుకంటెను చెడ్డవి కావచ్చును. వానినిగూడ పరీక్షించి తీరవలెను. పాఠము మొదట చెప్పికొనిన మాటయే ఇచ్చటను వర్తించును: తేటదనమంతయు మంచితనము కాదు.

కర్మాగారము విషమును విడువకుండుటయే మొదటి ధర్మము. విడిచిన పిదప శుద్ధిచేయుట రెండవది. ఎంతటి శాస్త్రమును మొదటి ధర్మమునకు బదులు కాజాలదు. అయినను కొండపై గిరిజనుడు ఓర్పుతో సేకరించిన జిగురును, ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు ఓర్పుతో చేసిన యోచనయు కలిసి మన కొక క్రొత్త కన్ను నిచ్చినవి. ఆ కన్ను ఇంకను పల్లెలకు చేరవలసియున్నది. దానిని చేర్చువారు నేడు ఈ పాఠమును చదువుచున్న బాలబాలికలలో నుండియే రావలెను. చెట్టు నెండనీయక జిగురు తీయు గిరిజనుని నేర్పు వారికి ఆదర్శము కాగలదు.

ప్రశ్నలు

1. నీరు తేటగా నుండుటకును, మంచిదిగా నుండుటకును గల భేదమేమి? మినమాట ఉదాహరణముతో వివరింపుడు.
2. లోహమును నలుసులుగా చేసినచో దాని శక్తి యేల పెరుగును?
3. కొండగోగు జిగురు వెండినలుసులకు చేయు రెండు ఉపకారములేవి?
4. ‘రంగు పోయినంత మాత్రమున నీరు శుద్ధమైనదనరాదు.’ ఎందువలన?
5. మీ గ్రామపు త్రాగునీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? దానిని ఎవరు, ఎప్పుడు పరీక్షింతురో తెలిసికొని వ్రాయుడు.