డ్యూటీ ఇంటిదాకా వస్తే

ప్రశ్న: మా ఆయన హెడ్ కానిస్టేబుల్. హైవే ప్రమాదాల్లో శవాలను చూసి చూసి మారిపోయినాడు. పలకరిస్తే కసురుకుంటాడు, నిద్దట్లో ఉలిక్కిపడి లేస్తాడు. నా మీద మనసు విరిగిందా?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు మనసు విరిగిన జాడ కనబడలేదు. 44వ జాతీయ రహదారి మీద నెత్తురు చూసినా చెదరకుండా పంచనామా రాయాలంటే మనిషి మొద్దుబారాల్సిందే. ఆ మొద్దుతనం యూనిఫాంతోపాటు విప్పేస్తే పోయేది కాదు. ఇంట్లో అదే నిర్లక్ష్యంలా తోస్తుంది.

పీడకలలు, ఉలికిపాటు, చిరాకు, ఎడమొహం నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ (ఘోరాలు చూసినవాళ్లను పట్టే మానసిక జబ్బు) ఏమోనని చూడాలి. 1980 నుంచి వైద్యం దీన్ని జబ్బుగానే లెక్కిస్తోంది. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో చాలామంది కుదుటపడతారు. నిద్రలేమి దీన్ని ముదరబెడుతుంది. విశ్రాంతి కోసమని 2019లో రాష్ట్ర పోలీసులకు వారానికో రోజు సెలవు ప్రకటించారు గానీ, బందోబస్తుల ముందు అదెంత నిలుస్తుందో మీకు నేను చెప్పాలా!

ఇంటికి రాగానే ఏమైందని గుచ్చి అడగొద్దు. కాసేపు వదిలేసి, అన్నం దగ్గర మాట కలపండి. ‘నీకు పిచ్చి’ అనకుండా ‘నిద్ర కోసం డాక్టరుకు చూపిద్దాం’ అనండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. చెయ్యి చేసుకుంటే మాత్రం జబ్బని ఓర్చుకోవద్దు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. చావు మాట ఎత్తితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తుపాకీ ఉంటే స్టేషన్లో అప్పగించేలా చూడండి.