స్నేహితులే పరిచారకులు: కీలు మార్పిడి శస్త్రచికిత్స, పెంపుడు జంతువు ఎడబాటు

వైద్యమునకు నాలుగు పాదములు కలవని చరక సంహిత సూత్రస్థానము తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనునవి ఆ నాలుగు. వీటిలో వైద్యుని గురించి, ఔషధమును గురించి మనము తరచు మాట్లాడుకొందుము. పరిచారకుని మాట మరచిపోవుదుము. పరిచారకునికి నాలుగు గుణములుండవలెనని చరకుడు నిర్దేశించినాడు. అవి ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగిపై అనురాగము, శుచిత్వము. జీతమునకు కుదిరిన ఆయాకు ఉపచారము, నేర్పు, శుచిత్వము బోధించవచ్చును. అనురాగము బోధించుటకు వీలుకాదు. అది ఆత్మీయులలో మాత్రమే సహజముగా ఉండును.

నేటి కుటుంబములలో పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడుచున్నారు. తల్లిదండ్రులు సొంత ఊరిలోనే ఉండిపోవుచున్నారు. మోకాలి కీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగినపుడు కొడుకో, కూతురో వచ్చి పది పదిహేను దినములుండి తిరిగి వెళ్లుదురు. కాని అసలు శ్రమ ఇంటికి వచ్చిన తరువాతి ఆరు వారములలోనే ఉన్నది. అట్లే, ఒంటరిగా నివసించువారికి తోడుగా ఉన్న కుక్కయో, పిల్లియో మరణించినపుడు ఆ దుఃఖమును పంచుకొనుటకు ఇంటిలో మరొక మనిషి ఉండరు. ఈ రెండు కష్టములలోను స్నేహితులు ఒకరికొకరు ఏ విధముగా తోడ్పడవచ్చునో ఈ వ్యాసములో తెలుసుకొందము.

శోకము శరీరమును ఏమి చేయును?

కామము, శోకము, భయము వలన వాతము ప్రకోపించునని ఆయుర్వేద సిద్ధాంతము. శరీరమును శుష్కింపజేయు వాటిలో శోకము ప్రధానమైనదనియు, రోగమును వృద్ధిచేయు వాటిలో విషాదము ప్రధానమైనదనియు చరక సూత్రస్థానము 25వ అధ్యాయములో కలదు. వాతము ప్రకోపించినవారికి ఆకలి మందగించును, నిద్ర చెడును, మలబద్ధము కలుగును, కీళ్లలో నొప్పి హెచ్చును.

కీళ్ల అరుగుదలను మన శాస్త్రము సంధిగత వాతము అన్నది. గాలి నింపిన తోలుసంచిని తాకినట్లుండు వాపు, కాలు చాచినపుడును ముడిచినపుడును నొప్పి దాని లక్షణములు. శోకమునకును, కీళ్ల బాధకును వాతమే మూలమని దీనివలన తెలియుచున్నది. కీలు మార్పిడి జరిగినవారిలో దిగులు, నిద్రలేమి ఉన్నవారికి నొప్పి ఎక్కువగా ఉండునని ఆధునిక వైద్యులును గమనించినారు. కావున కాలికి మాత్రమే చికిత్స చేసి మనస్సును విడిచిపెట్టుట తగదు.

పెంపుడు జంతువు కొరకు కలుగు శోకమునకు మరొక ఇబ్బంది కలదు. మనిషి చనిపోయినచో పరామర్శకు పదిమంది వత్తురు. కుక్క చనిపోయినచో “కుక్కే కదా, ఇంకొకటి తెచ్చుకోండి” అందురు. ఈ విధముగా లోకము గుర్తించని శోకమును గురించి అమెరికా దేశపు పండితుడు కెన్నెత్ డోకా 1989లో ప్రత్యేకముగా గ్రంథము వెలువరించినారు. బయట చెప్పుకొనుటకు వీలులేని దుఃఖము లోపలనే నిలిచి మరింత బాధించును. తనను నమ్మి వెంట వచ్చిన శునకమును విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు కథ మహాభారతములో చదువుకొనిన మనము ఈ దుఃఖమును చిన్నచూపు చూడరాదు.

సుశ్రుతుడు చెప్పిన స్నేహ చికిత్స

సుశ్రుత సంహిత సూత్రస్థానములో 19వ అధ్యాయమునకు వ్రణితోపాసనీయము అని పేరు. గాయపడినవానికి, శస్త్రచికిత్స జరిగినవానికి చేయవలసిన ఉపచారము అందులో ఉన్నది. ప్రియముగా మాట్లాడు స్నేహితులు దగ్గర కూర్చుండి, ధైర్యము చెప్పుచు, కథలు వినిపించుచు వ్రణబాధను మరపింపజేయుదురని ఆచార్యుడు చెప్పినాడు. లేచునపుడు, కూర్చుండునపుడు, ప్రక్కకు ఒత్తిగిలునపుడు, నడచునపుడు ఏమరుపాటు లేకుండ వ్రణమును కాపాడుకొనవలెననియు, పగటినిద్ర పనికిరాదనియు అదే అధ్యాయములో కలదు. ఎంతో ఖర్చుతో చేయించుకొను నేటి శస్త్రచికిత్సకును ఈ సూత్రములే వర్తించుచున్నవి.

ఒక అనుభవము

కాకినాడలో నా వద్దకు వచ్చు ఇద్దరు స్నేహితురాండ్ర అనుభవమును వారి అనుమతితో ఇచట వ్రాయుచున్నాను. ఒకరు పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయిని, వయస్సు 66. రెండవవారు ఆమె ఎదురింటిలో ఒంటరిగా ఉండు గృహిణి, వయస్సు 63. భర్త పోయిన సంవత్సరము ఆమె వీధిలో దొరికిన కుక్కపిల్లను తెచ్చి పెంచుకొన్నారు. పన్నెండేండ్ల తరువాత అది మూత్రపిండముల వ్యాధితో మరణించినది.

ఆమె నిద్రకు మందు కావలెనని నా వద్దకు వచ్చినారు. ఎనిమిది దినములుగా సరియైన భోజనము లేదు. తెల్లవారుజామున అయిదున్నరకే మెలకువ వచ్చి, కుక్కను వాహ్యాళికి తీసికొనిపోవు గొలుసు వంక చూచుచు కూర్చుండుచున్నారు. “అది నీళ్లు ఎక్కువగా తాగుతూ ఉంటే ఎండాకాలం గదా అని ఊరుకున్నాను డాక్టరుగారూ. నేను చూసుకోకే అది పోయింది” అన్నారు. కుక్కలలో ఈ వ్యాధి మూత్రపిండములు చాలవరకు దెబ్బతిన్న తరువాతనే పైకి కనిపించునని, అది ఆమె దోషము కాదని వివరించినాను. జావ త్రాగుట, రాత్రివేళ అరికాళ్లకు నువ్వులనూనె మర్దనము చెప్పినాను. కొంత నిద్ర పట్టినది గాని, ఆ అపరాధ భావము పోలేదు.

మరుసటి నెలలో ఉపాధ్యాయినికి కుడి మోకాలి కీలు మార్పిడి జరిగినది. ఇంటికి వచ్చిన మరునాడే ఆమె ఎదురింటికి కబురు పంపి, “వదినగారూ, పొద్దున్నే ఆరింటికి నన్ను నడిపించేవాళ్లు కావాలి. ఆ వేళకు మీరెలాగూ లేచే ఉంటారు గదా” అని అడిగినారు.

“నాకేం చేతనవుతుంది వదినగారూ, ఒక మూగప్రాణాన్నే కాపాడుకోలేకపోయాను.”

“మీరు లెక్కపెడితే చాలు. నొప్పి పుడితే నేను పన్నెండు దగ్గరే ఇరవై అనేస్తాను. అక్కడ నన్ను దిద్దండి.”

ఆ దినము మొదలుకొని ఆరు గంటలు వ్యాయామ సమయమైనది. మోకాలు ముడుచు వ్యాయామము అన్నిటికంటె బాధాకరము. ఆ సమయములో ఉపాధ్యాయిని పండ్లు బిగించుకొని, “మీ రాజాగాడు పాలవాడి సైకిలు గంట విని ఏం చేసేవాడో చెప్పండి” అని అడుగుచుండెడివారు. రోజునకొక ముచ్చట. చెప్పువారు మొదట కన్నీళ్లతో చెప్పినారు, తరువాత నవ్వుచు చెప్పినారు. కథ చెప్పుట వలన వినువారి నొప్పి మరపునకు వచ్చినది. వినువారు ఉండుటచే చెప్పువారి శోకమునకు దారి దొరికినది. ఇంటింటికి తిరిగి తన బాధ చెప్పుకొనలేని ఆమెకు, ప్రతిదినము ఆ పేరు ఉచ్చరించుటకు ఒక చోటు ఏర్పడినది.

పదునారవ దినమున ఆమె ఒక మార్పు గమనించినారు. ఉపాధ్యాయిని పిక్క ముందు దినము కంటె వాచి, గట్టిపడి, వేడిగా ఉన్నది. అప్పటికే కొడుకు తిరిగి వెళ్లినాడు. ఇరుగుపొరుగువారు కర్పూరము కలిపిన నూనె వెచ్చచేసి రుద్దుదమన్నారు. ఆమె ఒప్పుకొనక నాకు ఫోను చేసినారు. చేయి వేయవద్దని, కాలు రుద్దవద్దని, వెంటనే శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి తీసికొనిపొమ్మని చెప్పితిని. పరీక్షలో సిరలో రక్తము గడ్డకట్టినదని తేలినది. రుద్దియుండినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయము కలుగుటకు అవకాశము ఉండెడిది. సకాలములో మందులు లభించి ఉపాధ్యాయిని కోలుకొన్నారు.

“ఈసారి చూశాను డాక్టరుగారూ” అని సాయంకాలము ఆమె ఫోనులో అన్నారు. నోరులేని ప్రాణిని పన్నెండేండ్లు సాకిన కన్ను అది. చరకుడు చెప్పిన ఉపచార జ్ఞానము, అనురాగము ఆ కంటిలోనే ఉన్నవి.

మూడు నెలలకు ఉపాధ్యాయిని చేతికర్రతో వీధి చివరివరకు నడువగలిగినారు. స్నేహితురాలికి ఆకలి, నిద్ర తిరిగి వచ్చినవి. అప్పుడప్పుడు ఇప్పటికిని ఆమె కంటతడి పెట్టుదురు. ఉపాధ్యాయిని వారింపరు. అదియే సరియైన పద్ధతి.

శస్త్రచికిత్స జరిగినవారికి స్నేహితులు చేయవలసినవి

1. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామములను నియమిత వేళకు దగ్గరుండి చేయించవలెను. చీలమండను పైకి క్రిందికి ఆడించుట వలన రక్తప్రసారము బాగుగా ఉండును.

2. మోకాలి క్రింద దిండు పెట్టరాదు. అది సుఖముగా తోచినను కీలు వంగి బిగుసుకొనును. మడమ క్రింద దిండు పెట్టి కాలు తిన్నగా ఉంచవలెను.

3. వాపునకు మంచుగడ్డలను తుండుగుడ్డలో చుట్టి 15 నుండి 20 నిమిషములు ఉంచవచ్చును. గాయము పూర్తిగా మానువరకు నూనె మర్దనము, పట్లు, కాపడము పనికిరావు.

4. మెట్లు ఎక్కునపుడు బాగున్న కాలు ముందు వేయవలెను. దిగునపుడు శస్త్రచికిత్స జరిగిన కాలు ముందు వేయవలెను. చేతికర్ర బాగున్న కాలివైపు చేతిలో ఉండవలెను.

5. నేలపై బాసింపట్టు వేసికొని కూర్చొనుట, గొంతుక కూర్చొనుట మానవలెను. దారిలో పట్టాలు, తడి లేకుండ చూడవలెను.

6. పాతబియ్యపు అన్నము, పెసరకట్టు, కాకరకాయ, దానిమ్మ, ఉసిరిక వ్రణమున్నవారికి హితమని సుశ్రుతుడు చెప్పినాడు. కొత్తబియ్యము, మినుములు, నువ్వులు వద్దన్నాడు. గాయము మానుటకు మాంసకృత్తులు అవసరము గనుక పప్పు, అలవాటున్నవారికి గ్రుడ్డు, చేప ఇవ్వవచ్చును. నొప్పి మందుల వలన మలబద్ధము కలిగినచో నానబెట్టిన ఎండుద్రాక్ష, గోరువెచ్చని నీరు మేలుచేయును.

7. పగలు నిద్రపట్టు వేళకు వెళ్లి కబుర్లు చెప్పవలెను. రాత్రినిద్ర చక్కబడును.

శోకములో ఉన్నవారికి స్నేహితులు చేయవలసినవి

1. చనిపోయిన ప్రాణి పేరు చెప్పి అడుగవలెను. దాచిపెట్టుట ఊరట కాదు.

2. “మీరు అప్పుడే చూపించియుంటే” అను మాట ఎట్టి పరిస్థితిలోను అనరాదు.

3. ఆ ప్రాణికి తిండిపెట్టిన వేళ, వాహ్యాళి వేళ శూన్యముగా తోచును. ఆ వేళకు ఒక చిన్న పని అప్పగించవలెను. తాను మరొకరికి అవసరమని తెలియుట బలమైన ఔషధము.

4. ఆకలి లేనిచో భోజనమునకు ముందు చిన్న అల్లపు ముక్క కొద్దిపాటి సైంధవ లవణముతో నమలవచ్చును. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానవలెను. తేలికైన జావతో మొదలుపెట్టి క్రమముగా అన్నమునకు రావలెను.

5. రాత్రి అరికాళ్లకు నువ్వులనూనె మర్దనము చేసి, గోరువెచ్చని పాలలో కొద్దిగా జాజికాయ గంధము కలిపి త్రాగినచో నిద్రకు సహాయపడును. జాజికాయ ఎక్కువైనచో హాని కలుగును. చిటికెడు మించరాదు.

ఇష్టమైనది నశించి మనస్సు దెబ్బతిన్నవానికి దానిని పోలినదానిని సమకూర్చుట, ఓదార్చుట, ధైర్యము చెప్పుట చికిత్సగా చరకుడు చికిత్సాస్థానములో పేర్కొన్నాడు. దీనిని చూపి మరునాడే కొత్త కుక్కపిల్లను తెచ్చి ఒడిలో పెట్టువారున్నారు. ఓదార్పు, ధైర్యము లేకుండ అది చికిత్స కాదు. దుఃఖితులే కోరి అడిగినపుడు తెచ్చుట ఉత్తమము.

తప్పక గుర్తుంచుకొనవలసినవి

కీలు మార్పిడి తరువాత రక్తము గడ్డకట్టకుండుటకు మందులిచ్చెదరు. ఆ మందులు వాడునంతకాలము గుగ్గులు కలిసిన ఔషధములు, పసుపు లేదా వెల్లుల్లి గుళికలు వైద్యుని అడుగకుండ తీసికొనరాదు. వంటలో వాడు పరిమితికి భయము లేదు. పిక్కలో కొత్తగా వాపు, నొప్పి, వేడి కలిగినను, గాయము నుండి చీము లేక ద్రవము కారినను, జ్వరము తగ్గకున్నను అదే దినము ఆసుపత్రికి పోవలెను. ఛాతీనొప్పి గాని ఆయాసము గాని వచ్చినచో ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయరాదు. శోకములో ఉన్నవారు వారముల తరబడి తిండి మానినను, బ్రతుకుపై విరక్తి మాటలు పలికినను, వారిని ఒంటరిగా విడువక మానసిక వైద్యునికి చూపవలెను.

శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయించుకొన్న పాఠకులు మందుల చీటీతోపాటు మరొక చీటీ వ్రాసికొనవలెను. ఉదయము వ్యాయామమునకు ఎవరు వత్తురు, మధ్యాహ్నము కబుర్లకు ఎవరు వత్తురు, రాత్రి పిలిచినచో ఎవరు పలుకుదురు అను మూడు ప్రశ్నలకు అందులో పేర్లుండవలెను. ఆ పేర్లలో ఒకటైనను ప్రస్తుతము దుఃఖములో ఉన్నవారిది కావచ్చును. వారిని అడుగుటకు సంకోచింపవలదు.