మొండితనం కాదు, మొర



“అవ్వకు మొండితనం ఎక్కువైంది”, “తాత ఊరికే అరుస్తున్నాడు” అనే మాటలు మన ఇళ్లలోనూ వృద్ధాశ్రమాల్లోనూ తరచు వింటాం. బాధను మాటల్లో చెప్పలేని వృద్ధులకు ఆ అరుపే మాట. మందలించే ముందు కారణం వెదకాలి.

మొదట, ఈ మార్పు ఎప్పుడు మొదలైందో చూడండి. మతిమరుపు జబ్బు నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకపడితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్త మందు, ఒంట్లో నీరు తగ్గడం వంటివి కారణం కావచ్చు. ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవాలి. కర్నూలు, కడప ఎండల్లో ఇది మరీ ముఖ్యం. ముసలితనంలో దాహం సరిగా తెలియదు. పైగా రాత్రి లేవాల్సి వస్తుందని చాలామంది నీళ్లు తాగడం తగ్గిస్తారు.

రెండవది, ఒక నోటుపుస్తకంలో వారం రోజులు మూడు సంగతులు రాయండి: ముందు ఏం జరిగింది, వారు ఏం చేశారు, తర్వాత మనం ఏం చేశాం. వేళ కూడా రాయండి. ఒక అవ్వ స్నానం చేయించేవారిని కొడుతుందనుకుందాం. రాసింది చూస్తే, చెయ్యి పైకెత్తినప్పుడే కొడుతుందని తెలుస్తుంది. అది కోపం కాదు, భుజం నొప్పి. మరొకరు పొద్దుగూకితేనే భయపడతారు. వారికి శుక్లాలున్నాయేమో, గదిలో వెలుతురు చాలదేమో చూడాలి.

మూడవది, నోరు మూయించడానికి మాత్రలు వేయకండి. మతిమరుపు ఉన్న వృద్ధులకు కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడితే మరణాపాయం పెరుగుతుందని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. డాక్టరును అడగకుండా మందు మొదలుపెట్టవద్దు, ఆపనూ వద్దు.

తండ్రికి మతి తప్పినా ఓర్పు చూపమని సీరా గ్రంథం 3వ అధ్యాయం బోధిస్తుంది. 1839లో ఫ్రాన్సు దేశంలో జాన్ జుగాన్ అనే పేదరాలు చూపులేని ఒక వృద్ధురాలిని ఇంటికి తెచ్చి తన పడకనే ఇచ్చింది. 2009లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. ఆమె స్థాపించిన సభ కన్యస్త్రీలు సికింద్రాబాదులోనూ వృద్ధులకు సేవ చేస్తున్నారు.

మన పడక ఇవ్వలేకపోవచ్చు. ఈ వారం మన అవ్వ పక్కన కూర్చుని, “యాడ నొస్తాంది అవ్వా?” అని అడుగుదాం. జవాబు నోటితో రాకపోతే ముఖంలో, చేతుల్లో వెదకుదాం.