అలెన్ కీ పక్కన పెట్టి చదువు

విశాఖపట్నం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

రాత్రి నీ ఫోను వచ్చాక సరిగ్గా నిద్ర పట్టలేదు. అరవై రౌండ్లలో మూడు పేలలేదన్నావు, సరే. ట్రిగ్గర్ ఒకసారి తేలిగ్గా, ఒకసారి బరువుగా ఉంటోందన్నావు, అదీ సరే. "అలెన్ కీ చేతిలోనే ఉంది పెదనాన్నా, ఏ స్క్రూ తిప్పాలో చెప్పు" అన్నావు చూడు, అక్కడ నా గుండె ఝల్లుమంది. ఫోనులో కోప్పడ్డాను. కోపంలో చెప్పింది బుర్రకెక్కదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ 'క్లిక్' సంగతి. పిన్ పడింది, రౌండు పేలలేదు. అప్పుడు నీ చెయ్యి బోల్ట్ మీదికి పోకూడదు. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, మనసులో ముప్పై లెక్కపెట్టు. మ్యాచ్ గడియారం నడుస్తుంది, నడవనీ. మందు ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది. నువ్వు బోల్ట్ తెరిచాక అంటుకుంటే ఇత్తడి ముక్కలు ఎగిరేది నీ ముఖం మీదికే. ముప్పై అయ్యాక చెయ్యెత్తి రేంజ్ ఆఫీసర్ని పిలు, ఆయన వచ్చాకే తెరు. ఫోనులో నువ్వు "వెంటనే తీసేశాను" అన్నావు. ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకు తల్లీ.

దీనికన్నా చెడ్డది ఇంకొకటుంది. చప్పుడు రోజూలా కాకుండా తుస్సుమని వస్తే, టార్గెట్ మీద దెబ్బ కనబడకపోతే, అక్కడే ఆగిపో. గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో రౌండు కాల్చావంటే బ్యారెల్ ఉబ్బిపోతుంది, అక్కడితో ఆగుతుందన్న నమ్మకమూ లేదు. బోల్ట్ బయటికి తీసి, వెనకనుంచి చూస్తే బ్యారెల్లో వెలుతురు గుండ్రంగా కనిపించాలి. కనిపిస్తేనే తర్వాతి రౌండు.

ఇక పేలని తూటా. అది నీకు చెత్త, నాకు సాక్ష్యం. పాయింట్ 22 తూటాకి మధ్యలో క్యాప్ ఉండదు. అంటుకునే మందు అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది. పిన్ వచ్చి ఆ అంచును చాంబర్ గట్టుకి అదిమితేనే నిప్పు పుడుతుంది. తయారుచేసేటప్పుడు మందు తడిగా ఉండగానే కేసును గిరగిర తిప్పి అంచులోకి చేరుస్తారు. ఎక్కడైనా కాస్త చేరక ఖాళీ ఉండిపోయి, పిన్ సరిగ్గా అక్కడే పడితే క్లిక్ తప్ప ఇంకేమీ రాదు. కాబట్టి పేలని తూటా పక్కన పేలిన కేసు ఒకటి పెట్టి, భూతద్దంతో రెండింటి నొక్కులూ చూడు. రెండూ ఒకే లోతులో ఉంటే తప్పు తూటాది, పెట్టె మీది లాట్ నంబరు రాసుకుని లాట్ మార్చు. పేలనిదాని మీద నొక్కు గోటితో గీసినట్టు పైపైన ఉంటే తప్పు రైఫిల్‌ది. రేంజ్ ఆఫీసర్ ఒప్పుకుంటే ఆ తూటానే మళ్లీ పెట్టి కాల్చి చూడొచ్చు. రెండో దెబ్బ కూడా అదే చోట పడి పేలిందంటే, మందు బాగానే ఉంది, మొదటి దెబ్బలోనే బలం చాలలేదన్నమాట.

దెబ్బలో బలం ఎందుకు తగ్గుతుంది? అందరూ మొదట స్ప్రింగును అనుమానిస్తారు. నేనైతే మొదట చాంబర్లో టార్చి వేసి చూస్తాను. గుండుకి పూసే మైనం, కాలిన మసి కలిసి చాంబర్ ముందు చివర గట్టిగా ఉంగరంలా పేరుకుంటాయి. తూటా చివరిదాకా వెళ్లి కూర్చోదు, వెంట్రుకవాసి బయటే ఉంటుంది. పిన్ వచ్చి కొట్టిన దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోతుంది. రెండోసారి కొడితే పేలేది అందుకే. బోల్ట్ మూసేటప్పుడు చివర్లో కాస్త బిగుతుగా ఉంటోందా, గుర్తు తెచ్చుకో. ఉంటే చాంబరే. ఒకవేళ నీ రైఫిల్ చెక్క స్టాక్‌ది అయ్యుంటే, వానాకాలం చెమ్మకి చెక్క ఉబ్బి బోల్ట్ పిడి పూర్తిగా కిందికి దిగనివ్వట్లేదేమో కూడా చూడమనేవాణ్ని. నీది అల్యూమినియం కాబట్టి ఆ బాధ లేదు.

తర్వాత బోల్ట్ లోపల నూనె. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని ఇక్కడ మనవాళ్లు బోల్టుని నూనెలో ముంచి తీస్తారు. నేను ఫౌజులో ఆర్మరర్‌గా ఉన్న రోజుల్లో పనిచెయ్యదని నా బల్ల మీదికి వచ్చిన తుపాకుల్లో చాలావాటికి అసలు రోగం నూనే. ఎక్కువైన నూనె దుమ్మునీ మసినీ పట్టుకుని జిగటవుతుంది. పిన్ ఆ జిగటలో ఈదుకుంటూ వెళ్లి కొట్టాలి. లోపలంతా శుభ్రంగా తుడిచి, నూనె తగిలిన గుడ్డతో ఒక్కసారి రాస్తే చాలు, మెరుపు కనిపించాలి కానీ తడి కనిపించకూడదు. అదంతా అయ్యాకే పిన్ కొస చూడు, పెచ్చు లేచిందేమో. స్ప్రింగు సంగతి అన్నిటికన్నా చివర.

ఇంకోటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ మూడు రౌండ్లు పేలకపోవడానికి ముందు వారం పది రోజులుగా నీ ప్రోన్ గ్రూపు పైకీ కిందికీ సాగుతోందా? పిన్ దెబ్బ బలహీనమైతే మందు ఒక్కోసారి ఒక్కోలా అంటుకుంటుంది, గుండు వేగం మారుతుంది. సెకనుకు పది మీటర్లు తగ్గినా 50 మీటర్ల దూరంలో గుండు ఏడెనిమిది మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మీ టార్గెట్‌లో రింగుకీ రింగుకీ మధ్య ఎడం 8 మిల్లీమీటర్లు. అంటే నిలువునా ఒక రింగు పోయినట్టే. నువ్వు ఊపిరి సరిగ్గా పట్టట్లేదని నిన్ను నువ్వు తిట్టుకుంటూ ఉంటావు, రైఫిల్ ఏమో వారం ముందునుంచే చెబుతూ ఉంటుంది. అందుకే ప్రతి రోజూ గ్రూపు పుస్తకంలో గీసుకోమనేది.

ట్రిగ్గర్ దగ్గరికి వద్దాం. నీది రెండు దశలది. మొదటి దశ మెత్తగా వచ్చి గోడకి ఆనినట్టు ఆగాలి, ఆ గోడ దగ్గర కాస్త నొక్కితే తెగాలి. బరువు మారుతోందంటే ముందు స్క్రూ కాదు, నీ వేలు చూసుకో. బ్లేడు మీద వేలు పైకి జరిగితే బరువెక్కుతుంది, కిందికి జరిగితే తేలికవుతుంది. నీలింగ్‌లో ఒకచోట, స్టాండింగ్‌లో ఒకచోట పెడుతున్నావేమో. ఆ తర్వాత బ్లేడు స్క్రూ వదులైందా, యాక్షన్‌ని స్టాక్‌కి బిగించే స్క్రూలు సరిగ్గా ఉన్నాయా చూడు. ట్రిగ్గర్ లోపల మాత్రం నూనె చుక్క కూడా వెయ్యకు.

అసలు మాట ఇక్కడుంది. పోయిన నెల ఓవర్‌ట్రావెల్ స్క్రూ "కొంచెం" లోపలికి తిప్పానని మాటల్లో అన్నావు. ఆ స్క్రూ మరీ లోపలికి పోతే ట్రిగ్గర్ తెగాక, పిన్‌ని ఆపి ఉంచే సియర్ పూర్తిగా పక్కకి తప్పుకోదు, ముందుకి దూకే పిన్ దాన్ని రాసుకుంటూ వెళ్తుంది. రాపిడికి దెబ్బ బలం తగ్గుతుంది, ట్రిగ్గరూ ఒక్కోసారి ఒక్కోలా తగులుతుంది. నువ్వు రెండు జబ్బులు చెప్పావు కానీ, నాకు రెండూ ఒకటే అనిపిస్తోంది. తూటా మీద నొక్కు పైపైన ఉంటే నా అనుమానం ఖాయం.

అయినా నువ్వు ఆ స్క్రూ వెనక్కి తిప్పొద్దు. ఎందుకంటే నేనూ ట్రిగ్గర్ స్క్రూ తిప్పాను ఒకసారి. ఇరవై ఆరేళ్ల వయసు, అన్నీ తెలుసన్న ధీమా. రాష్ట్రస్థాయి పోటీకి ముందు రాత్రి ఒక రైఫిల్ ట్రిగ్గర్ ఇంకా, ఇంకా తేలిక చేశాను. 50 మీటర్ల రైఫిల్‌కి ట్రిగ్గర్ బరువు కనీసం ఇంత ఉండాలన్న నియమం లేదు కదా అని. పొద్దున బోల్ట్ మూశాను, అంతే, పేలింది. నా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉంది. సియర్ పట్టు అంత సన్నగా మిగిలింది. గుండు రేంజ్ నేలలో దిగబడింది. పక్క లేన్‌లో పద్నాలుగేళ్ల కుర్రాడు చాప పరుచుకుంటున్నాడు. బ్యారెల్ ముందుకే ఉంది కాబట్టి ఇవాళ ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

నువ్వు చెయ్యాల్సింది పరీక్ష మాత్రమే. చాంబర్ ఖాళీ అని కళ్లతోనూ వేలితోనూ చూసుకుని, పేలిన కేసు ఒకటి పెట్టి, బోల్ట్ గట్టిగా పదిసార్లు మూసి తెరు. కాక్ చేసి ఉండగా స్టాక్ వెనక అరచేత్తో తట్టు. ఒక్కసారి పిన్ జారినా రైఫిల్ పెట్టెలో పెట్టి తాళం వెయ్యి, మ్యాచ్ పోతే పోనీ. జారకపోయినా సరే, స్క్రూ సరిచేసేది లైసెన్సు ఉన్న గన్‌స్మితే, అదీ కంపెనీ పుస్తకం ముందు పెట్టుకుని. ఒక స్క్రూ, ఒక మార్పు, ఎంత తిప్పారో పుస్తకంలో రాయించుకో.

ఆ మూడు తూటాలూ రేంజ్‌లో లెక్క చెప్పి అప్పగించేముందు, పక్కన పేలిన కేసు పెట్టి అంచుల ఫోటోలు తియ్యి. దగ్గరగా, వెలుతురు పక్కనుంచి పడేలా. రాత్రికి నాకు పంపు. మీ నాన్నని కూడా చూడమను, వాడి కళ్లు నా కళ్లకన్నా నయం.

ఇట్లు,
పెదనాన్న