చీనా ప్రాచీన కవిత – భావాశ్రయ విచారము

రసము స్వశబ్దవాచ్యము కాదని ఆనందవర్ధనుని మతము. హాలుని గాథాసప్తశతిలోవలెనే చీనా ప్రాచీన కవితయందును తరచుగా ప్రకృతివర్ణనమే భావమును వ్యంజింపజేయును. కాని గాథయందు క్రియాపదము పురుషను తెల్పును. చీనా క్రియకు పురుషప్రత్యయము లేదు, కర్తయు లోపింపవచ్చును.

తు ఫు (712–770) 757 వసంతమున, తిరుగుబాటుదారుల వశమైన చాంగాన్ నగరమున రచించిన ప్రసిద్ధ పద్యమున పుష్పములును కన్నీరును కలవు. కన్నీరు కార్చినది కవియా, పుష్పములా? ఆ భాష రెంటికిని అవకాశమిచ్చుచున్నది. మొదటి అన్వయమున పుష్పము ఉద్దీపనవిభావము. రెండవదానిలో అదియే భావాశ్రయము. అచేతనమునందు భావారోపమును హేమచంద్రుడు ఆభాసముగ గణించెను; ఈ పద్యమును అట్లనుటకు సహృదయునకు మనసొప్పదు. ఏలన, పాఠకుడు ఏ యొక్క అన్వయమునందును నిలువక శోకమును నగరమంతట చూచును.

తెనుగున సమాపకక్రియను ప్రయోగింపగనే పురుష నిర్ణీతమై ఒక అన్వయము నశించును. ధాతుజవిశేషణముతో తెనిగించినచో ఆ సందేహము కొంతవరకు నిలుచును.