హైబ్రిడ్ వ్యాగన్ కొన్నవారికి 90 రోజుల గడువు

ఒంటారియో రాష్ట్రంలో నమోదైన డీలరు దగ్గర వాడిన కారు కొన్నవారికి, అది నచ్చలేదన్న ఒక్క కారణంతో తిరిగి ఇచ్చి డబ్బు అడిగే హక్కును ఏ చట్టమూ ఇవ్వలేదు. ఇంటి గుమ్మం దగ్గరకు వచ్చి అమ్మేవారితో చేసుకున్న ఒప్పందాలకూ, వ్యాయామశాల సభ్యత్వానికీ, బిల్డరు దగ్గర కొన్న కొత్త కాండోకూ ఉన్న పది రోజుల పునరాలోచన గడువును కార్లకు కూడా అన్వయించుకొని, 'ఇప్పటికి సంతకం పెడదాం, తేడా వస్తే వారంలో వెనక్కి ఇచ్చేద్దాం' అనుకునే కుటుంబాలు బ్రాంప్టన్‌లోనూ మిస్సిసాగాలోనూ చాలానే ఉన్నాయి. అదే సమయంలో, డీలరు విధిగా చెప్పవలసిన కొన్ని సంగతులను దాచిపెట్టినప్పుడు, బండి చేతికి వచ్చిన 90 రోజుల లోపు ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మాత్రం నిజంగానే ఉన్నది. లేని హక్కును నమ్మి సంతకం పెట్టడం, ఉన్న హక్కును ఫోను మాటల్లో పోగొట్టుకోవడం అనే ఈ రెండు పొరపాట్లు కలిసి వచ్చే వ్యవహారాలు ఈ మధ్య న్యాయవాదుల బల్ల మీదికి వరుసగా చేరుతున్నాయి. వాటిలో హైబ్రిడ్ కుటుంబ వ్యాగన్లది పెద్ద వాటా కావడానికి ఆ బండి గుణాలే కారణం.

హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజిను, విద్యుత్ మోటారు రెండూ ఉండి, బ్రేకు వేసినప్పుడు వృథా కావలసిన శక్తిని బ్యాటరీలోకి మళ్లించుకునే వాహనం; వ్యాగన్ అంటే పైకప్పు వెనుక చివరిదాకా సాగి, సామాన్ల భాగం కూర్చునే గదితో కలిసిపోయి, వెనుక తలుపు పైకి లేచే కారు. ఈ రెండు లక్షణాలూ ఒకచోట కలిసిన బండికి కెనడాలో చక్కని ఉదాహరణ 2012 మోడల్‌తో మొదలై కొన్నేళ్లపాటు అమ్ముడైన టొయోటా ప్రియస్ వి. వెనుక సీటు మడవకుండానే దాదాపు 970 లీటర్ల సామాన్ల చోటు, 100 కిలోమీటర్లకు 6 లీటర్లలోపు పెట్రోలు అన్న రెండు అంకెలు చాలు, సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకొని వారాంతంలో బియ్యం బస్తాలు తెచ్చుకునే ఇంటికి అది ఎందుకు నచ్చుతుందో చెప్పడానికి. ఆగుతూ సాగే నగర ప్రయాణంలో మోటారు పని ఎక్కువగా, ఇంజిను పని తక్కువగా ఉంటుంది కాబట్టి, మామూలు కార్లకు భిన్నంగా హైవే మీద కన్నా ఊళ్లోనే ఇది ఎక్కువ మైలేజీ ఇస్తుంది.

లోపాలు కూడా ఈ దేశపు వాతావరణంలోనే బయటపడతాయి. గడ్డకట్టే చలిలో లోపలి వేడి కోసం ఇంజిను తరచుగా నడవవలసి రావడంతో ఆ మైలేజీ మెచ్చుకోలు జనవరిలో కొంత తగ్గుతుంది. వేగాన్ని తగ్గించే పనిలో ఎక్కువ భాగం మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లు అరగక చాలా ఏళ్లు వస్తాయి. కానీ రోడ్లపై చల్లే ఉప్పు తగిలే చోట, తక్కువగా పనిచేసే బ్రేకు భాగాలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, కాబట్టి ప్యాడ్లు కొత్తగా కనిపించినంత మాత్రాన బ్రేకులు బాగున్నట్టు కాదు. ప్రధాన బ్యాటరీని చల్లబరిచే గాలి వెనుక సీటు పక్కనున్న చిన్న జాలీ గుండా లోపలికి పోతుంది. పిల్లల దుప్పట్ల పీచు, పెంపుడు కుక్క వెంట్రుకలు, ఏళ్ల తరబడి చేరిన దుమ్ము ఆ జాలీని మూసేస్తే బ్యాటరీ వేడెక్కి దాని ఆయుష్షు తరుగుతుంది. కొనేముందు బానెట్ ఎత్తి ఇంజిను చూసేవారు వెయ్యిమంది, ఆ జాలీ వైపు వంగి చూసేవారు ఒకరిద్దరు. బ్యాటరీ మార్పు ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది కాబట్టి, పెట్రోలులో ఏళ్లపాటు మిగిలిన సొమ్ము ఒక్క బిల్లులో పోయే అవకాశం ఉన్నది.

ఇంటివారికి నచ్చిన గుణాలే టాక్సీ యజమానులకు ఇంకా ఎక్కువగా నచ్చాయి. రోజంతా ఊళ్లో ఆగుతూ తిరిగేవానికి హైబ్రిడ్ మిగిల్చే సొమ్ము ఉద్యోగి ఇంటికి మిగిలేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, వాంకూవరు వంటి నగరాల్లో ప్రియస్ కుటుంబపు బండ్లు టాక్సీలుగా వీధుల నిండా తిరిగాయి. 2016లో టొరంటో నగరం ఊబర్ తరహా సేవలకు అధికారికంగా అనుమతి ఇచ్చిన తరువాత ఈ మోజు మరింత పెరిగింది. అలా కిరాయికి తిరిగి అలసిన బండ్లు ఒకనాడు శుభ్రంగా కడిగి, పాలిష్ పట్టి, 'ఫ్యామిలీ వ్యాగన్, తక్కువ పెట్రోలు' అన్న ప్రకటనతో డీలరు ఆవరణలో నిలబడతాయి. టాక్సీగా తిరిగిన బండిని అమ్మడం నేరం కాదు, తెలిసి కొనడం తెలివితక్కువ పనీ కాదు. ధర దానికి తగినట్టు ఉంటే అది చక్కని బేరమే. దాచి అమ్మడమే తప్పు.

ఒంటారియోలో డీలర్లను నియంత్రించే 2002 నాటి మోటారు వాహన డీలర్ల చట్టం, దాని నిబంధనలతో కలిసి 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నది. దాన్ని అమలు చేసే సంస్థ ఓమ్‌విక్, అంటే ఒంటారియో మోటారు వాహన పరిశ్రమ మండలి. డీలరు ఒప్పంద పత్రంలో రాతపూర్వకంగా చెప్పవలసిన సంగతుల జాబితా నిబంధనల్లో పొడుగ్గానే ఉన్నది. అయితే ఆ జాబితా మొత్తానికి 90 రోజుల హక్కు వర్తించదన్న సంగతి చాలామందికి తెలియదు. బండి తయారీదారు, మోడల్, మోడల్ సంవత్సరం; అది మొత్తం తిరిగిన దూరం; పాడైన బండిగా లేదా పాడై తిరిగి కట్టిన బండిగా ప్రభుత్వం వేసిన ముద్ర; టాక్సీగా, లిమోజిన్‌గా, పోలీసు లేదా అత్యవసర సేవల బండిగా, రోజువారీ అద్దె కారుగా వాడిన చరిత్ర: ఈ కొద్ది విషయాల్లో మౌనమో తప్పు రాతో ఉంటేనే ఆ హక్కు పుడుతుంది. అద్దె కారు తరువాత డీలరు కాని మరొకరి చేతిలోకి వెళ్లి వచ్చి ఉంటే ఆ ఒక్క అంశానికి మినహాయింపు ఉన్నది. ఊబర్‌కు తిప్పిన బండిని టాక్సీ, లిమోజిన్ అన్న మాటల్లోకి తీసుకురావడం వాదానికి తావిచ్చే విషయం కాబట్టి, కొనేవారు 'ఈ బండిని ఎప్పుడైనా కిరాయి ప్రయాణికుల కోసం వాడారా' అన్న ప్రశ్నను ఈమెయిలులో అడిగి, జవాబును ఒప్పంద పత్రంలో రాయించుకోవడం తప్ప వేరే మంచి దారి లేదు.

ఇటీవల వచ్చిన ఒక వ్యవహారంలో ఈ చట్టం ఉండి కూడా నిరుపయోగమైన తీరు గమనించదగినది. టొరంటో శివారులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు కుటుంబం కోసం కొన్న హైబ్రిడ్ వ్యాగన్‌ను చలికాలపు టైర్లు మార్పించడానికి మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లినప్పుడు, పైకప్పు మీద సీలెంటుతో పూడ్చి పైన రంగు వేసిన నాలుగు స్క్రూ రంధ్రాలు, డ్యాష్‌బోర్డు కింద మీటరు బిగించినప్పటి గుర్తులు, ముందు తలుపులతో పోలిస్తే మరీ నునుపెక్కిపోయిన వెనుక తలుపు పిడులు బయటపడ్డాయి. అప్పటికి బండి చేతికి వచ్చి నెల కూడా కాలేదు, ఒప్పంద పత్రంలో టాక్సీ అన్న గడి ఖాళీగా ఉన్నది, కొనుగోలుదారు చేతిలో ఇంతకన్నా బలమైన కేసు ఉండనక్కరలేదు. ఆ పూటే ఒక ఉత్తరం రాసి ఉంటే సరిపోయేది. ఆయన దానికి బదులు ఫోను చేశారు. అమ్మినవారు మర్యాదగానే మాట్లాడారు. మేనేజరు సెలవులో ఉన్నారన్నారు, తరువాత పండుగలన్నారు, ఆ తరువాత పాత రికార్డులు తెప్పిస్తున్నామన్నారు, మధ్యలో ఒకసారి ఉచితంగా ఆయిల్ మార్చి పంపారు. ఉత్తరం రాయించుకోవడానికి ఆయన న్యాయవాది దగ్గరకు వచ్చేసరికి 90 రోజులు దాటి వారమైంది.

ఈ శీర్షిక ఎన్నిసార్లు చెప్పినా తక్కువే: ఫోను సంభాషణ గడువును ఆపదు. 'చూస్తాం' అన్న మాట, 'సోమవారం రండి' అన్న మాట, ఉచిత ఆయిల్ మార్పు, చివరికి 'డబ్బు ఇచ్చేస్తాం' అన్న నోటి హామీ కూడా గడువును ఒక్క రోజు పొడిగించవు. ఓమ్‌విక్‌కు ఫిర్యాదు చేస్తే వ్యవహారం దానంతటదే తేలుతుందన్న నమ్మకమూ అంతే ప్రమాదకరం. ఆ సంస్థ మధ్యవర్తిత్వం చేయగలదు, డీలరు లైసెన్సు మీద చర్య తీసుకోగలదు, కానీ కొనుగోలుదారుకు డబ్బు తిరిగి ఇమ్మని డీలరును ఆదేశించలేదు. ఫిర్యాదు పత్రం నింపి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారికి ఆ తేడాను మొదటి ఫోనులోనే గట్టిగా చెప్పే అధికారి దొరకడం కొంత అదృష్టం మీద ఆధారపడి ఉన్నది, అది ఉండకూడని పరిస్థితి.

రద్దు ఉత్తరం పెద్ద న్యాయభాషలో ఉండనక్కరలేదు. కొన్న తేదీ, బండి చేతికి వచ్చిన తేదీ, బండి గుర్తింపు సంఖ్య, దాచిన సంగతి, దానికి ఆధారం, 'ఈ కారణంగా ఒప్పందాన్ని రద్దు చేస్తున్నాను, నా సొమ్ము తిరిగి ఇవ్వండి' అన్న స్పష్టమైన వాక్యం ఉంటే చాలు. ఆ వాక్యం లేకుండా అసంతృప్తి మాత్రమే వెళ్లగక్కే ఉత్తరం రద్దు ఉత్తరం కాదు. దాన్ని ఒప్పంద పత్రంలో ఉన్న చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులోనూ, ఈమెయిలులోనూ రెండు దారులా పంపి, అప్పు ఇచ్చిన బ్యాంకుకు ఒక నకలు ఇవ్వాలి. రద్దు చేశాం కదా అని వాయిదాలు మానేసే పని మాత్రం ఎవరూ చేయకూడదు. డీలరు మీద కోపంతో వాయిదా ఎగ్గొట్టినవారి క్రెడిట్ చరిత్ర పాడై, ఇంటి అప్పు దొరకని స్థితి వచ్చాక చేయగలిగినది చాలా తక్కువ. రద్దు చేశానని రాసిన బండిలో అదే వారం మాంట్రియల్ విహారానికి వెళ్లి, ఆ ఫోటోలను ఫేస్‌బుక్‌లో పెట్టే కక్షిదారుల గురించి ఇక్కడ ఎక్కువ రాయకపోవడమే మర్యాద.

గడువు దాటినవారికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2002 నాటి ఒంటారియో వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ముఖ్యమైన సంగతిని చెప్పకపోవడం ద్వారా మోసపుచ్చడం అన్యాయ వ్యవహారం కిందికి వస్తుంది, దాని ఆధారంగా ఒప్పందం చేసుకున్న తేదీ నుంచి ఒక సంవత్సరం లోపు రద్దు కోరవచ్చు. అయితే 90 రోజుల హక్కులో గడి ఖాళీగా ఉందని చూపితే సరిపోయే చోట, ఇక్కడ మోసపుచ్చే స్వభావాన్ని నిరూపించవలసి వస్తుంది. పై వ్యవహారం ఇప్పుడు ఆ రెండో దారిలోనే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో నడుస్తున్నది. ఆ కోర్టు పరిమితి 2025 అక్టోబరు 1 నుంచి 50,000 డాలర్లకు పెరగడం వల్ల కుటుంబ కార్ల తగవుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు అక్కడే తేలగలవు. నమోదు లేకుండా రోడ్డు పక్కన బండ్లు తిప్పి అమ్మే కర్బ్‌సైడర్ దగ్గర, లేదా వాట్సాప్ గుంపులో పరిచయమైన తెలుగాయన దగ్గర నేరుగా కొన్నవారికి ఈ రెండు చట్టాల రక్షణలో చాలా భాగం దొరకదు. మనవాడే కదా అన్న భరోసాకు చట్టంలో చోటు లేదు.

వారంటీ విషయంలోనూ గడువు లెక్కే తప్పుతున్నది. టొయోటా కెనడా 2020 మోడళ్ల నుంచి హైబ్రిడ్ బ్యాటరీకి 10 సంవత్సరాలు లేదా 240,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నది, అంతకుముందు బండ్లకు అది 8 సంవత్సరాలు లేదా 160,000 కిలోమీటర్లు. ఈ లెక్క బండి మొదటి యజమాని చేతికి వెళ్లిన రోజు నుంచి నడుస్తుందే తప్ప, రెండో మూడో యజమాని కొన్న రోజు నుంచి కాదు. 'బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఉంది' అన్న అమ్మకందారు మాట నిజమే కావచ్చు, ఆ ఎనిమిదేళ్లలో ఏడు ఇప్పటికే గడిచిపోయి ఉండవచ్చు. బండికి 'సేఫ్టీ' అయిందన్న మాట ఇంకా తక్కువ విలువైనది. 36 రోజులు చెల్లే ఆ భద్రతా ప్రమాణ పత్రం పరీక్షించిన రోజున కనీస ప్రమాణాలు ఉన్నాయని మాత్రమే చెబుతుంది, హైబ్రిడ్ బ్యాటరీ ఆరోగ్యం గురించి అందులో ఒక్క అక్షరం ఉండదు. రీకాల్ మాత్రం దీనికి విరుద్ధంగా యజమానిని కాక బండిని అంటిపెట్టుకొని ఉంటుంది. 2015లో ప్రియస్ వి సహా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 625,000 హైబ్రిడ్ల విద్యుత్ నియంత్రణ సాఫ్ట్‌వేర్ సరిచేయడానికి కంపెనీ ఇచ్చిన పిలుపు అలాంటిదే. అది జరిగిందో లేదో గుర్తింపు సంఖ్యతో ఉచితంగా తెలుసుకోవచ్చు.

క్యూబెక్‌లో వాడిన కార్లకు చట్టమే కొద్దిపాటి వారంటీ ఇస్తుంది, కానీ వయసు లేదా తిరిగిన దూరం ఒక హద్దు దాటిన బండికి అది వర్తించదు. బ్రిటిష్ కొలంబియా, అల్బర్టాల్లో నియంత్రణ సంస్థలూ నిబంధనలూ వేరు. తయారీ లోపాల మీద కంపెనీతో వచ్చే తగవులకు 1994 నుంచి ఉన్న క్యామ్‌వ్యాప్ అనే ఉచిత మధ్యవర్తిత్వ వ్యవస్థ, ఆ ఏటి మోడల్‌కూ దానికి ముందటి నాలుగేళ్ల మోడళ్లకూ 160,000 కిలోమీటర్ల లోపు అక్కరకు వస్తుంది. డీలరు దాచిన చరిత్రకు అది మందు కాదు.

ఒంటారియోలో ఈ నెల హైబ్రిడ్ వ్యాగన్ కొన్నవారు ఒప్పంద పత్రం తీసి టాక్సీ, అద్దె, దూరం, ముద్ర అన్న గడులను ఈ రాత్రే చదవాలి. 90 రోజుల లెక్క సంతకం పెట్టిన తేదీ నుంచి కాక బండి చేతికి వచ్చిన తేదీ నుంచి మొదలవుతుంది కాబట్టి, ఆ తేదీ ఉన్న డెలివరీ రసీదును ఒప్పందంతో కలిపి భద్రపరచాలి, అనుమానం వచ్చిన రోజున ఫోనుకు ముందు ఉత్తరం పంపాలి.