చట్టం మన గేటు దాకా రాకపోయినా

చందర్లపాడు

చిరంజీవి మేనల్లుడికి,

జిన్నింగ్ మిల్లు బాధ్యత నీ చేతికి వచ్చిందని మీ నాన్న చెప్పాడు. సంతోషం. "అత్తా, సీఎస్ఆర్ కింద తాతయ్య పేరున ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు పెడదామనుకుంటున్నా, ఏమంటావ్?" అని అడిగావు. మా నాన్న పేరున పెడతానంటే వద్దనేదాన్నా నేను! తప్పకుండా పెట్టు. దాన్ని సీఎస్ఆర్ అని మాత్రం అనకు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నాను.

సీఎస్ఆర్ సంగతి 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 135లో చూడు. 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీలే మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మనది అన్నదమ్ముల భాగస్వామ్యం, పైగా చిన్న మిల్లు. ఆ చట్టం మన గేటు దాకా రాదు. బ్యాంకులో ఇన్నేళ్లూ మిల్లులకు అప్పులిచ్చినదాన్ని కాబట్టి నాకు అర్థమైంది ఇది: ఇలా చట్టం గేటు బయటే ఆగిపోయే చోట్లు మన వ్యాపారంలో చాలా ఉన్నాయి. యజమాని ఎలాంటివాడో తేలేది అక్కడే.

మొదటిది డబ్బు చెల్లింపు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం నీలాంటి చిన్న మిల్లుకు అండగా ఉంది. నీ సరుకు కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. మరి నీకు పత్తి అమ్మిన గుడిమెట్ల రైతు సంగతి? అతనికి ఉద్యమ్ రిజిస్ట్రేషనూ లేదు, ఆ 45 రోజుల హక్కూ లేదు. పేపరు మిల్లులకు సుబాబుల్ కర్ర తోలి, డబ్బు కోసం నెలల తరబడి తిరిగినవాళ్లు మన మండలంలో ఎంతమందో నీకు నేను చెప్పక్కర్లేదు. నూలు మిల్లు నీకు డబ్బు ఆపిందని నువ్వు రైతుకు ఆపకు. ఎన్ని రోజుల్లో ఇస్తావో కాటా గది గోడ మీద రాయించు, ఆ మాట మీద నిలబడు.

రెండోది తేమ. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమను ప్రమాణంగా పెట్టుకుంది. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోస్తుంది, 12 దాటితే కొనదు. పొడవు పింజ పత్తికి 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే మీటరు మీద ఒక్క అంకె పెరిగితే క్వింటాలుకు 81 రూపాయలు పోతాయి. ఇరవై క్వింటాళ్ల ట్రాక్టరు మీద 1,622 రూపాయలు! నువ్వు కొనే ధర వేరు కావచ్చు, లెక్క మాత్రం అదే. మీటరు సూదిని పైన ఆరిన పత్తిలో గుచ్చితే ఒక అంకె చూపిస్తుంది, అడుగున మంచు పట్టిన పత్తిలో గుచ్చితే ఇంకో అంకె చూపిస్తుంది. ఎక్కడ గుచ్చాలన్నది మీ గుమాస్తా చేతిలో ఉంది. పైన, మధ్యలో, అడుగున గుచ్చి సగటు వెయ్యమను. మీటరు రైతు వైపు తిప్పి పెట్టమను. "తరుగు" అని గంపగుత్తగా కోసే అలవాటు మాన్పించు.

మూడోది కూలీలు. ఈఎస్ఐ నిబంధనలు సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించాయి. ఆ జాబితాలో పత్తి జిన్నింగ్‌ను పేరు పెట్టి మరీ చేర్చారు. జిన్ల ముందు నిలబడి పత్తి ఎగదోసే ఆడవాళ్లకు దుమ్ముందిగానీ ఈఎస్ఐ ఆస్పత్రి లేదు. పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు ఒక గుర్తుంది: సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజే ఛాతీ పట్టేసినట్టుంటుంది. ఆ రోజు నువ్వే దగ్గరకెళ్లి అడుగు. దుమ్ము లాగే ఫ్యాన్లు పనిచేస్తున్నాయో లేదో చూడు. యంత్రంలో చెయ్యి పడితే పరిహారం నేరుగా నీ మీదే పడుతుంది కాబట్టి సీజను కూలీలందరి పేర్లతో ప్రమాద బీమా తీసుకో. మస్టరులో పేరు లేని మనిషి మిల్లులో ఉండకూడదు.

ఇక లెక్కలు. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు ఊరూరికీ 108 అంబులెన్సు రావడానికి కారకుడు. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవ ఎన్ని ప్రాణాలు నిలిపిందో మనకు తెలుసు. 2008లో ఆయన కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాశాడు, పుస్తకాల్లో చూపిన 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని. అంబులెన్సు అబద్ధం కాదు, కానీ అది లెక్కలను నిజం చెయ్యలేకపోయింది. మంచిపని వేరే ఖాతా, దాన్ని లెక్కల ఖాతాకు బదిలీ చెయ్యడం కుదరదు.

మనది చిన్న మిల్లు, అంత కథ ఎందుకంటావేమో. సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతాకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటు ఉంది చూడు, అందులో లేని బేళ్లు రాయడం సరిగ్గా అదే తప్పు. 1925లోనే జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులకు చట్టం చేసి, ప్రతి బేలు మీదా మిల్లు గుర్తు, వరస నంబరు ఉండాలన్నారు. నీళ్లు కొట్టిన పత్తి ఎవరి మిల్లులోదో పట్టుకోవడానికి. ఆ నంబర్లే నీ పుస్తకం. గోడౌన్లో లెక్కపెట్టిన నంబర్లు, స్టేట్‌మెంటులో రాసినవి ఒకటే కావాలి. లెక్కపెట్టేవాడు, సంతకం చేసేవాడు ఒకడే కాకుండా చూడు. మిల్లు కరెంటు ఖాతాలోంచి ఇంటి పెళ్లి ఖర్చులు తియ్యకు. మీ బాబాయితో వాటాల సంగతి నోటిమాటగా ఉంచకు. ఆయన మంచివాడే, అయినా కాగితం మీద పెట్టు. మంచిగా ఉన్నప్పుడు రాసుకున్నదే చెడినప్పుడు పనికొస్తుంది.

దసరా దాటితే పత్తి బళ్లు మొదలవుతాయి. ఈలోగా తూనికలు, కొలతల శాఖ వాళ్లను పిలిచి కాటాకు ముద్ర వేయించు. మొదటి నెల స్టాక్ స్టేట్‌మెంటు బ్యాంకుకు ఇచ్చేముందు నాకొక కాపీ పంపు. ఆ వారమే నేను గోడౌనుకు వచ్చి బేళ్లు లెక్కపెడతాను. చెప్పి రాను.

ఉంటాను,
మీ అత్తయ్య